బాబుకు పనిచేసిన వాంతి మాత్ర నాకెందుకు పనిచేయలేదు?

ప్రశ్న: పోయిన నెల మా ఆరేళ్ల బాబుకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే డాక్టరుగారు ఆండాన్‌సెట్రాన్ రాశారు. ఒక్క డోసుతో వాంతులు కట్టేశాయి. ఆ ధైర్యంతోనే కొండదారిలో బస్సు ప్రయాణానికి ముందు నేనూ ఒకటి వేసుకున్నాను, దారి పొడవునా వాంతులే. మా అక్కకు కీమో జరుగుతోంది, వాంతులకే మూడు రకాల మందులు ఇచ్చారు. అందులో ఒకటి స్టిరాయిడ్ అని తెలిసి భయపడి మానేస్తానంటోంది. మరదలికి మూడో నెల, నీళ్లు కూడా ఇమడటం లేదు, బిడ్డకు ఏమవుతుందోనని ఒక్క మందూ ముట్టడం లేదు. వాంతికి ఇన్ని రకాల మందులెందుకండీ? అన్నిటికీ పనికొచ్చే మంచి మాత్ర ఒకటి చెప్పండి, ఇంట్లో పెట్టుకుంటాం.

సమాధానం: మీరడిగిన వరసలో కాకుండా చివరి నుంచి మొదలుపెడుతున్నాను, ఎందుకంటే మీరు మాటవరసకు రాసినట్టు రాసిన మరదలి సంగతే అన్నిటికంటే ముందు చూడాల్సింది. వేవిళ్లు అందరికీ ఉండేవేగా అని పెద్దవాళ్లు సర్దిచెబుతారు. నిజమే, చాలామందికి ఉంటాయి, నాలుగైదు నెలలు వచ్చేసరికి తగ్గిపోతాయి కూడా. కానీ వేవిళ్లు వేరు, ఒంట్లో నీరంతా పోయేలా వాంతులు కావడం వేరు. ఆమెను రెండు సంగతులు అడగండి. పొద్దుటి నుంచి ఎన్నిసార్లు మూత్రానికి వెళ్లింది, ఏ రంగులో వచ్చింది? గర్భం రాకముందు బరువెంత, ఇప్పుడెంత? ఎనిమిది గంటలైనా మూత్రం రాకపోయినా, ముదురు రంగులో కాస్తే వస్తున్నా, 60 కిలోల మనిషి 57కు దిగిపోయినా ఇక ఇంట్లో ఉంచి చూద్దాం అనుకోవద్దు, ఈ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. సెలైన్ పెడతారు, మూత్రంలో కీటోన్లు, అంటే తిండి లేక ఒళ్లు కొవ్వును కరిగించుకుంటే వచ్చే పదార్థాలు, ఉన్నాయేమో చూస్తారు. ఇంకో మాట. వారాల తరబడి తిండి లేని మనిషికి గ్లూకోజ్ ఎక్కించే ముందు బి1 విటమిన్, అంటే థయామిన్ ఇవ్వాలి, లేకపోతే అరుదుగానైనా మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఇది డాక్టర్లకు తెలియంది కాదు, కానీ "ఇన్ని వారాలుగా ఏమీ తినలేదు" అని మీరు నోరు తెరిచి చెప్పకపోతే వాళ్లకు మాత్రం ఎలా తెలుస్తుంది?

మందంటే ఆమె భయపడటంలో తప్పు లేదు. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అనే నిద్రమాత్ర మార్కెట్లోకి వచ్చింది, వేవిళ్లకు కూడా తెగ వాడేశారు. 1961 చివర్లో దాన్ని వెనక్కి తీసుకునేలోపే ప్రపంచం మొత్తం మీద 10,000 మందికి పైగా పిల్లలు కాళ్లు చేతులు ఎదగకుండా, ఇంకా ఎన్నో లోపాలతో పుట్టారు. గర్భిణి మందు ముట్టకూడదన్న భయం అప్పటి నుంచి మరీ గట్టిపడింది. కానీ ఆ భయం వల్ల ఇంకోవైపు ఏం జరిగిందో కూడా వినండి. డాక్సిలమిన్ అనే మందును పిరిడాక్సిన్‌తో, అంటే బి6 విటమిన్‌తో కలిపిన మాత్రను అమెరికాలో లక్షల మంది గర్భిణులు వేవిళ్లకు వాడేవారు. దాని మీద కూడా కేసుల మీద కేసులు పడితే, బిడ్డకు హాని చేస్తుందని రుజువు కాకపోయినా, 1983లో కంపెనీయే అమ్మకం ఆపేసింది. తర్వాత వేవిళ్లు ముదిరి ఆసుపత్రిలో చేరేవాళ్లు అక్కడ పెరిగారు తప్ప, పుట్టుకతో లోపాలున్న పిల్లల సంఖ్య తగ్గలేదు. చివరికి 2013లో అదే జోడీని అక్కడి మందుల నియంత్రణ సంస్థ మళ్లీ అనుమతించింది. ఇప్పుడు వేవిళ్లకు డాక్టర్లు మొట్టమొదట రాసే మందుల్లో ఇదొకటి. నిదానంగా కరిగే మాత్ర కాబట్టి రాత్రి పడుకునే ముందు వేసుకుంటేనే పొద్దుటికి అందుతుంది. పొద్దున డోకు మొదలయ్యాక మింగి, పనిచేయలేదంటే పాపం మాత్ర ఏం చేస్తుంది? నిద్రమత్తు మాత్రం ఉంటుంది, ఆమెకు ముందే చెప్పండి.

మీ ఇంట్లో ఉన్న స్ట్రిప్‌లోంచి ఒకటి చించి ఆమెకు ఇవ్వకండి. మొదటి మూడు నెలల్లో ఆండాన్‌సెట్రాన్ వాడినవాళ్లలో ప్రతి 10,000 మందికి ముగ్గురు బిడ్డలు అదనంగా పెదవి, అంగిలి చీలికతో పుట్టారని ఒక పెద్ద అధ్యయనంలో తేలింది. చాలా చిన్న ముప్పే. మిగతా మందులు పనిచేయనప్పుడు, తల్లి పరిస్థితి బాగోలేనప్పుడు డాక్టర్లు దాన్నే వాడతారు కూడా. ఏ ముప్పు పెద్దదో తూచి చూడాల్సింది ఆమె, ఆమె డాక్టరు.

ఇక ఇన్ని మందులెందుకనే ప్రశ్న. కక్కేది కడుపే అయినా ఆర్డరు వేసేది మెదడు. మెదడు అడుగున, మెడ మొదట్లో మెడుల్లా అని ఒక భాగం ఉంది, వాంతి నడిపించే నరాల గుంపు అక్కడే. దానికి కబురు రకరకాల వైపుల నుంచి వస్తుంది. పేగులో ఏదైనా విషం పడితే పేగు గోడలోని కణాలు సెరటోనిన్ అనే రసాయనం వదులుతాయి, దాన్ని వేగస్ అనే నరం పట్టుకుని పైకి చేరవేస్తుంది. నెత్తురులో మందులో, మలినాలో తిరుగుతుంటే మెడుల్లా పక్కనే ఉన్న ఇంకో చిన్న ప్రదేశం వాసన పట్టేస్తుంది, అక్కడ ఎక్కువగా డోపమిన్ అనే రసాయనం పెత్తనం. లోపలి చెవి నుంచి వచ్చే కబురు హిస్టమిన్, ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాల మీద నడుస్తుంది. ఇవి కాక మనసు ఒకటి ఉంది, వాసన తగిలినా, టెన్షన్ పడినా, ఒక్కోసారి ఊరికే తలుచుకున్నా తిప్పేస్తుంది. బయటికొచ్చే వాంతి ఒకటే, వచ్చే దారులు వేరు. ఏ దారికి అడ్డం పడే మందు ఆ దారికే పనిచేస్తుంది. మీ బాబుకు కబురు పేగు నుంచి వచ్చింది, ఆండాన్‌సెట్రాన్ సెరటోనిన్‌కు అడ్డం పడేది కాబట్టి కట్టేసింది. మీకు వచ్చింది చెవి నుంచి. పక్క వీధి గేటుకు తాళం వేసి కూర్చున్నారు మీరు.

ప్రయాణపు వాంతి సంగతి కొంచెం వివరంగా చెబుతా, ఎందుకంటే ఇందులో చాలామంది పొరపాటు పడతారు. బస్సు మలుపు తిరుగుతుంటే లోపలి చెవి కదులుతున్నాం అంటుంది, ముందు సీటు వెనక భాగాన్నో, ఫోన్‌నో చూస్తున్న కన్ను కదలడం లేదంటుంది. ఆ తగువే వికారం. దానికి పనికొచ్చేవి పాతకాలపు ఎలర్జీ మందులు: ప్రోమెథజిన్, డైమెన్‌హైడ్రినేట్, మెక్లిజిన్, సినారిజిన్. ఇది ఎవరో ఆలోచించి కనిపెట్టింది కూడా కాదు. 1947లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో దద్దుర్లతో వచ్చిన ఒక గర్భిణికి కొత్త ఎలర్జీ మందు ఇచ్చి చూస్తే, ఆమె దద్దుర్ల మాట అటుంచి, ఎప్పుడు ట్రామ్ ఎక్కినా తిప్పే తల ఈసారి తిప్పలేదని వచ్చి చెప్పింది. డాక్టర్లు గే, కార్లినర్ ఆ మాటను కొట్టిపారేయకుండా అదే మందును అట్లాంటిక్ దాటుతున్న సైనికుల ఓడలో పరీక్షించారు. అదే డైమెన్‌హైడ్రినేట్. పేషెంటు ఇంకేదో చెబుతున్నా వినాలని నాకు ఈ కథ తలుచుకున్నప్పుడల్లా అనిపిస్తుంది.

అయితే ఎలర్జీ మందే కదా అని సెట్రిజిన్, ఫెక్సోఫెనడిన్ లాంటి కొత్తవి వేసుకుంటే ప్రయాణానికి పనికిరావు. అవి మెదడులోకి పెద్దగా వెళ్లవు, అందుకే నిద్ర అంతగా రాదు, అందుకే వాంతీ ఆగదు. మత్తు, గుణం రెండూ ఒకే కారణం వల్ల వస్తున్నాయన్నమాట. ఇంకో ముఖ్యమైన సంగతి టైము. ప్రోమెథజిన్ అరగంట నుంచి గంట ముందు, మెక్లిజిన్ గంట ముందు, సినారిజిన్ రెండు గంటల ముందు వేసుకోవాలి. వికారం మొదలైందంటే కడుపు కదలిక మందగిస్తుంది, అప్పుడు మింగిన మాత్ర కిందికి దిగదు, ఒంటికి పట్టదు, తర్వాతి మలుపులో బయటికొస్తుంది. చెవి వెనక అంటించుకునే స్కోపోలమిన్ ప్యాచ్ కూడా ఉంది, కనీసం నాలుగు గంటల ముందు పెట్టుకుంటే మూడు రోజులు పనిచేస్తుంది. దాన్ని తాకిన వేలితో కన్ను నులుముకుంటే ఆ ఒక్క కంటిపాప పెద్దదై చూపు మసకబారుతుంది, మెదడులో ఏదో అయిందని హడలిపోయి పరుగెత్తుకొచ్చేవాళ్లున్నారు. పెట్టాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, అంతే. నీటికాసులు అనే కంటిజబ్బు ఉన్నవాళ్లు, ప్రోస్టేట్ ఇబ్బందితో మూత్రం ఆగిపోయే మగవాళ్లు ఈ రకం మందులు అడగకుండా వాడకూడదు. రెండేళ్లలోపు పిల్లలకు ప్రోమెథజిన్ అసలు ఇవ్వకూడదు, ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. పిల్లాడు దారిలో హాయిగా నిద్రపోతాడని ఇచ్చేవాళ్లను చూశాను, ఒళ్లు జలదరిస్తుంది. మందు కాక, ముందు సీట్లో కూర్చుని దూరంగా రోడ్డు చివర చూస్తూ వెళ్లడం కూడా తక్కువేం కాదు.

బాబు విషయంలో డాక్టరుగారు చేసింది సరిగ్గానే ఉంది. వాంతులు, విరేచనాలు కలిసి వచ్చిన పిల్లలకు ఒక్క డోసు ఆండాన్‌సెట్రాన్ ఇస్తే తాగించింది కడుపులో నిలుస్తుంది, సెలైన్ దాకా వెళ్లే పిల్లలు తగ్గుతారు. కానీ పిల్లాణ్ణి నిలబెట్టింది ఆ మాత్ర కాదు, దానివల్ల లోపల నిలిచిన ఓఆర్ఎస్. చాలా ఇళ్లలో జరిగేది నేను కళ్లారా చూశాను: దాహంగా ఉందని పిల్లాడు ఏడిస్తే గ్లాసు నోటికి పెడతారు, వాడు గటగటా తాగేస్తాడు, రెండు నిమిషాల్లో మొత్తం బయటికొస్తుంది, "ఓఆర్ఎస్ పడటం లేదండీ" అంటారు. పడకేం. వాంతి అయ్యాక పది నిమిషాలు ఆగండి. తర్వాత టీస్పూను తీసుకుని నిమిషానికి ఒకటి, మహా అయితే రెండు నిమిషాలకు ఒకటి. స్పూను 5 మిల్లీలీటర్లు, నిమిషానికొకటి చొప్పున పోస్తే గంటకు 300 మిల్లీలీటర్లు లోపలికి వెళ్లినట్టే. విసుగు పుడుతుంది, చెయ్యి లాగుతుంది, నిజమే, ఇద్దరు మార్చుకుంటూ పొయ్యండి. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని రాసుంటే అన్ని నీళ్లలో మొత్తం ప్యాకెట్ కలపాలి, సగం ప్యాకెట్ ఉరామరిగ్గా కలపకూడదు. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఓఆర్ఎస్‌లో ఉప్పు, గ్లూకోజ్ పాళ్లు తగ్గించింది, ఆ కొత్త ద్రావణంతో వాంతులు కూడా తగ్గాయి, కాబట్టి చిక్కగా కలిపితే మంచిదనుకోకండి. ఇక ఆండాన్‌సెట్రాన్ డోసు పిల్లాడి బరువును బట్టి ఉంటుంది, మిగిలిన మందు వచ్చే ఏడాది లెక్కకు సరిపోదు. విరేచనాలు లేకుండా వాంతులు మాత్రమే అవుతుంటే అది కడుపు జబ్బు కాకపోవచ్చు, మందుతో దాన్ని కప్పెట్టకండి.

మీ అక్కకు ఇచ్చిన మూడు మందుల సంగతి. దయచేసి ఒక్కటి కూడా మానొద్దని చెప్పండి. కీమో వాంతులు రెండు విడతల్లో వస్తాయి. మొదటి 24 గంటల్లో వచ్చేవి ఎక్కువగా సెరటోనిన్ వల్ల, దానికి ఆండాన్‌సెట్రాన్ లేదా పాలోనోసెట్రాన్. రెండో రోజు నుంచి ఐదో రోజు దాకా వచ్చేవి సబ్‌స్టాన్స్ పి అనే ఇంకో రసాయనం వల్ల, దానికి 2003లో వచ్చిన అప్రెపిటెంట్, దాని బంధువులు. మూడోది డెక్సామెథసోన్, అదే ఆమె భయపడుతున్న స్టిరాయిడ్. ఒంటరిగా కూడా కొంత పనిచేస్తుంది కానీ మిగతా రెండింటికీ బలమిచ్చేది అదే. సాధారణంగా ఆ కొద్ది రోజులే ఇస్తారు కాబట్టి నెలల తరబడి స్టిరాయిడ్ వాడినవాళ్లకు వచ్చే ముఖం ఉబ్బడం, ఎముకలు గుల్లబారడం గురించి ఇప్పుడు బెంగ అక్కర్లేదు. నిద్ర చెడగొడుతుంది, కాబట్టి డాక్టరు సరేనంటే పొద్దున వేసుకోవడం మేలు. షుగర్ ఉంటే పెంచుతుంది, అది ముందే చెప్పాలి. ఒక్కోసారి ఒలాంజపిన్ కూడా కలుపుతారు. దాని కాగితం చదివి "నాకు పిచ్చి మందు ఇచ్చారు" అని కొందరు ఏడుస్తారు, మానసిక వ్యాధులకు వాడేదే, నిజం, కానీ కీమో వికారానికి అంత బాగా పనిచేసేవి తక్కువ.

ఇవాళ బాగానే ఉంది కదా అని రెండో రోజు మాత్ర వదిలేయడం అందరూ చేసే పని. బాగున్నది ఆ మాత్ర వల్లనే. ఇంకో కారణం కూడా ఉంది. మొదటి రెండు మూడు కీమోల్లో గట్టిగా వాంతులైతే మనసు అది గుర్తుపెట్టుకుంటుంది, తర్వాత ఆసుపత్రి మెట్లెక్కుతుంటేనే, స్పిరిట్ వాసన తగిలితేనే డోకు వచ్చేస్తుంది, మందు ఇంకా సూదిలోనే ఉండగా. ఆ దారికి పై మందులేవీ సరిగా అడ్డం పడవు, లోరజెపామ్ లాంటి టెన్షన్ తగ్గించే మాత్రలు కొంత సాయపడతాయంతే. అందుకే మొదటి నుంచే గట్టిగా ఆపాలి. ఆండాన్‌సెట్రాన్ వల్ల మలబద్ధకం, తలనొప్పి వస్తాయి, వాటిని కీమో వల్ల అనుకుని ఓర్చుకునేవాళ్లు చాలామంది, అడిగితే దానికీ మందు ఇస్తారు.

ఇక మీరు అడగని ఒక మందు గురించి చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో పెట్టుకునే "మంచి వాంతి మాత్ర" అని ఎవరో ఒకరు దాన్నే చెబుతారు. కాజువాలిటీలో నైట్ డ్యూటీ చేస్తున్న రోజుల్లో, రాత్రి రెండింటికి ఒక పద్దెనిమిదేళ్ల అమ్మాయిని మోసుకొచ్చారు. మెడ ఒక పక్కకు మెలి తిరిగిపోయింది, కళ్లు పైకప్పుకు అతుక్కున్నట్టు పైకే ఉండిపోయాయి, నాలుక లోపలికి పోవడం లేదు, చెంపల మీద నీళ్లు. ఫిట్స్ అని ఒకరు, పరీక్షల టెన్షన్‌తో నాటకమని ఇంకొకరు. నిన్నటి నుంచి ఏం మందులు వేశారని అడిగితే వాళ్లమ్మ కొంగు ముడి విప్పి కత్తిరించిన స్ట్రిప్ ముక్క తీసింది, పేరులో సగమే మిగిలింది, 'మెటో' వరకు. మెటోక్లోప్రమైడ్. డోపమిన్‌కు అడ్డం పడే మందు, కడుపును కిందికి కదిలిస్తుంది కూడా, కానీ మెదడులోకి వెళ్లి కదలికలను నడిపే చోట కూడా అడ్డం పడుతుంది. వయసులో ఉన్నవాళ్లకు, పిల్లలకు ఇలా జరిగే అవకాశం ఎక్కువ. విరుగుడు ఇంజెక్షన్ ఇచ్చాక పావుగంటలో మెడ తిన్నగా వచ్చింది. ఆ అమ్మాయి మొదట అన్న మాట, "నాకు అన్నీ వినపడుతూనే ఉన్నాయి, మాటే రాలేదు." నాటకమన్నాయన బయటికి వెళ్లిపోయాడు.

అందుకే యూరప్ మందుల సంస్థ 2013లో దీన్ని ఐదు రోజులకు మించి, పెద్దవాళ్లకు రోజుకు 30 మిల్లీగ్రాములకు మించి వాడొద్దంది. నెలల తరబడి వాడితే మూతి, నాలుక వాటంతటవే కదిలే జబ్బు వచ్చి, మందు మానినా పోకుండా ఉండిపోవచ్చు. పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బు ఉన్నవాళ్లకు ఇది గానీ, ప్రోక్లోర్‌పెరాజిన్ అనే ఇంకో వాంతి మందు గానీ ఇవ్వకూడదు. డోంపెరిడోన్ అదే జాతిది, మెదడులోకి పెద్దగా వెళ్లదు కాబట్టి మెడ బాధ తక్కువ, కానీ గుండె లయను చెడగొట్టగలదు. కొన్ని గ్యాస్ మాత్రల్లో అది కలిసే ఉంటుంది, తెలియకుండా ఏళ్ల తరబడి వేసుకుంటారు. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్స్‌తో కలిపి అసలు వాడకూడదు. మీ ఆండాన్‌సెట్రాన్‌కు కూడా గుండె లయ విషయంలో జాగ్రత్త కావాలి, ఇంట్లో గుండె జబ్బు ఉన్నవాళ్లెవరైనా ఉంటే ఆ స్ట్రిప్ వాళ్ల చేతికి అందనీయకండి.

ఇంకొన్ని వాంతులకు ఏ మాత్రా వేయకూడదు, నేరుగా ఆసుపత్రికే. నెత్తురు పడినా, కాఫీ పొడిలా నల్లగా పడినా. తలకు దెబ్బ తగిలాక వాంతులైతే. తలనొప్పి భరించలేనంతగా ఉండి మెడ వంగకపోతే. పొట్ట ఉబ్బి, గాలి కూడా పోకుండా వాంతులవుతుంటే. షుగర్ ఉన్న మనిషి కక్కుతూ ఎగశ్వాస తీస్తుంటే. పెద్దవాళ్లకు ఛాతీలో బరువు, చెమటలతో వాంతి వస్తే అది గుండెపోటు కావచ్చు. పసిపిల్లలు ఆకుపచ్చగా పసరు కక్కితే పేగు మెలిపడి ఉండొచ్చు, తెల్లారే దాకా ఆగొద్దు.

కాబట్టి ఇంట్లో పెట్టుకోవడానికి నేను చెప్పేవి ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఒక టీస్పూను. మీ ప్రయాణాలకు మీ డాక్టరు చెప్పిన మాత్ర ఒకటి, అది వేసుకున్న రోజు బండి నడపకూడదు. బాబు స్ట్రిప్ మీద ఎవరికి, ఏ తేదీన, ఎన్ని కిలోల బరువుకు రాశారో పెన్నుతో రాసి, పేరు కనపడే వైపు చింపకుండా దాచండి. ఇదంతా తర్వాత. ముందు మరదలికి ఫోన్ చేసి పొద్దుటి నుంచి ఎన్నిసార్లు మూత్రానికి వెళ్లిందో అడగండి.